ఆఫీసులో ఎంత చెప్పాలి, చేసుకోబోయేవాడికి ఎంత చెప్పాలి?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి. రాసినామెకు 28 ఏళ్లు. సొంతూరు పల్నాడులో. గుంటూరులో బీటెక్ చేసి, ఆరేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నారు. మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటున్నారు. పనిలో ఆమెకు మంచి పేరే ఉంది. మిగతావాళ్లు వదిలేసిన బగ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌లోని తప్పులు, ఈమెకు దొరుకుతాయట. ఇబ్బంది ఏడాది కిందట ఆఫీసు కొత్త బిల్డింగ్‌కి మారినప్పుడు మొదలైంది. అక్కడ ఎవరికీ సొంత సీటు లేదు. రోజూ పొద్దున యాప్‌లో సీటు బుక్ చేసుకోవాలి. చుట్టూ నలుగురు నాలుగు కాల్స్‌లో మాట్లాడుతుంటారు, నెత్తిన ఏసీ హోరు, పక్కనే కాఫీ మెషీన్. సాయంత్రం హాస్టల్‌కి చేరాక లైటు తీసేసి పడుకుంటారు, ఎవరైనా పలకరిస్తే నోట మాట రాదు. రూమ్మేట్ దాన్ని పొగరు అనుకుంటోంది.

ఒకసారి క్లయింట్ కాల్‌లో "ఈ డేట్‌కి పూర్తవదు" అని ఉన్నమాట చెప్పేశారు. నిజంగానే పూర్తవలేదు కూడా. కానీ అప్రైజల్‌లో మాత్రం "కమ్యూనికేషన్ మెరుగుపడాలి, టీమ్‌తో కలవడం లేదు" అని రాశారు. ఈ క్వార్టర్‌లో మార్పు కనిపించకపోతే పిప్‌లో, అంటే పనితీరు మెరుగుపరచుకోవాలని గడువు పెట్టే జాబితాలో, పెట్టాల్సి వస్తుందని మేనేజర్ హెచ్చరించారు.

నిద్ర పట్టడం లేదని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే, అక్కడి నుంచి క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. కొన్ని సిట్టింగులు, చిన్నతనం గురించి వాళ్లమ్మగారితో ఫోన్లో సుదీర్ఘమైన ప్రశ్నలు అయ్యాక, ఇది ఆటిజం అన్నారు. "మొదట హాయిగా అనిపించింది, తర్వాత రెండు రోజులు ఏడ్చాను" అని రాశారు. అమ్మగారు ఒప్పుకోలేదు. "టెన్త్‌లో స్కూల్ ఫస్ట్ వచ్చినదానివి, నీకు ఆటిజం ఏమిటే? ఆ మాట ఇంకెక్కడా అనకు. చెల్లెలి సంబంధాలు కూడా చెడతాయి" అన్నారు.

ఈలోగా ఒక సంబంధం కుదిరింది. అబ్బాయి బ్యాంకులో పని చేస్తాడు, వాళ్లది ఒంగోలు. ఇద్దరూ రెండుసార్లు కలిశారు. రెండోసారి టిఫిన్ సెంటర్లో గోల ఎక్కువగా ఉందని ఈమె చెప్పకముందే అతనే "బయట నిలబడి తిందామా?" అన్నాడట. ఈమెకు అతను నచ్చాడు. నిశ్చితార్థం వచ్చే నెలలో, పెళ్లి మాఘంలో. ముఖ్యంగా అడిగినవి రెండు ప్రశ్నలు: మేనేజర్‌కి చెప్పాలా, అతనికి చెప్పాలా? "చెప్పకపోతే మోసం చేస్తున్నట్టుంది, చెబితే చేజేతులా చెడగొట్టుకుంటున్నట్టుంది" అన్నారు.

* * *

ముందు మీ అమ్మగారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో సగం మీరూ నమ్ముతున్నట్టు ఉత్తరంలో కనబడుతోంది. టెన్త్‌లో ఫస్ట్ రావడానికీ ఆటిజానికీ విరోధం లేదు. చదువు బాగా వచ్చి, అల్లరి చేయకుండా ఒక మూల కూర్చునే ఆడపిల్లను మన బడుల్లో "బుద్ధిమంతురాలు" అంటారు తప్ప ఎవరూ డాక్టర్‌కి చూపించరు. చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఎప్పుడు నవ్వాలో, ఎవరి కళ్లలోకి ఎంతసేపు చూడాలో బట్టీపట్టి నెట్టుకొచ్చే ఆడపిల్లలు చాలామంది పాతికేళ్లు దాటాకే బయటపడుతున్నారు. దీన్నే మాస్కింగ్ అంటున్నారు. మీరు రాసిన "పండక్కి చుట్టాలొస్తే ఏం మాట్లాడాలో ముందురోజే నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని" అన్న వాక్యం మీ సైకాలజిస్టుకు చెప్పారా? చెప్పకపోతే ఈసారి చెప్పండి.

ఇక చప్పుళ్లు. అవి మీకు పడకపోవడం మీరు నాజూకు మనిషి కావడం వల్ల కాదు. శబ్దం, వెలుతురు, వాసన, తాకిడి మామూలుకన్నా ఎక్కువగానో తక్కువగానో తెలియడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 ఆటిజం లక్షణాల జాబితాలోనే చేర్చింది. మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే పుస్తకం అది. సాయంత్రం మాట రాకపోవడం పగలంతా తట్టుకున్నదాని ఫలితం. రూమ్మేట్‌తో "ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు నాతో మాట్లాడొద్దు, తర్వాత టీకి నేనే పిలుస్తాను" అనండి. ఆమెకు ఆటిజం గురించి చెప్పక్కర్లేదు. ఇంత చిన్న మాటతో పోయే అపార్థం అది.

రూమ్మేట్‌కి సరిపోయిన ఈ పద్ధతే ఆఫీసుకీ చాలావరకు సరిపోతుంది. మీకు కావలసినవి వేరు, మీకున్నదాని పేరు వేరు. కావలసినవి అడగడానికి ప్రతిచోటా పేరు చెప్పాల్సిన పనిలేదు. పెళ్లి విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆఫీసులో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఆటిజం ఊసెత్తకుండా పని పేరు మీద అడగడం. గోడవైపు ఒక స్థిరమైన సీటు, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వీలు, మీటింగ్‌కి ముందే ఏం మాట్లాడబోతున్నారో రెండు లైన్లలో రాసి పంపడం, నోటితో చెప్పిన పనిని మెయిల్లో ఒకసారి ఖరారు చేయడం, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. "ఏకాగ్రత అవసరమైన టెస్టింగ్ ఈ సీటింగ్‌లో దెబ్బతింటోంది, ఈ మార్పులు నెల రోజులు చేసి చూద్దాం, ఫలితం లెక్కల్లో చూపిస్తాను" అని మెయిల్ పెట్టండి. లెక్కలు మీ దగ్గర ఉంటాయి. పాత బిల్డింగ్‌లో ఉన్నప్పుడు మీరు పట్టిన బగ్‌లెన్ని, ఇక్కడికి వచ్చాక ఎన్ని? ఈ దారిలో లాభం, ఏ రహస్యమూ బయటపడదు. నష్టం, ఇది మేనేజర్ దయ మీద నడిచే ఏర్పాటు. ఆయన మారితే మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది, డాక్టర్ లెటర్‌తో హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా చెప్పడం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని, అందులో దివ్యాంగులకు కల్పించే సదుపాయాలు రాయాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. మీ కంపెనీ ఇంట్రానెట్‌లో అది ఎక్కడో ఉండాలి, వెతికి చదవండి. చాలామంది హెచ్‌ఆర్‌లు కూడా దాన్ని చదివి ఉండరు. 2021లో సుప్రీంకోర్టు, సివిల్స్ పరీక్ష రాయడానికి సహాయకుణ్ని కోరిన ఒక అభ్యర్థి కేసులో, ఇలాంటి సర్దుబాట్లు పొందడానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాలన్న షరతు చెల్లదని తేల్చింది. ఇదంతా మీ పక్షాన ఉంది. కానీ పూర్తి బొమ్మ కూడా చెప్పాలి. ఉద్యోగికి తగిన సర్దుబాట్లు చేసి తీరాలని చట్టంలో నేరుగా ఉన్నది ప్రభుత్వ సంస్థల గురించి. ప్రైవేటు కంపెనీ సొంత విధానంలో ఏం రాసుకుందన్నదే మీకు అసలు ఆయుధం. ఇంకోటి, హెచ్‌ఆర్ చెవిన వేసిన మాటను వెనక్కి తీసుకోలేం. మంచి మేనేజర్‌కి తెలిస్తే సాయపడతాడు. ఇంకో రకం మేనేజర్‌కి తెలిస్తే, రేపు మీరు ఏ డేట్ గురించి అభ్యంతరం చెప్పినా "పాపం, ఆమెకు అదేదో ఉందిగా" అనేస్తాడు. మీ మేనేజర్ ఏ రకమో నాకన్నా మీకే బాగా తెలుసు.

మూడోది, ఉద్యోగం మారడం. తప్పేమీ లేదు. కానీ కొత్త చోటా సీట్ల యాపే ఉంటే? ఆఫర్ ఒప్పుకునే ముందు "నేను కూర్చోబోయే ఫ్లోర్ ఒకసారి చూడొచ్చా?" అని అడగండి. అడగడం వింతగా అనిపించినా ఫరవాలేదు.

నన్నడిగితే, ఈ వారమే మొదటి దారిలో మెయిల్ పెట్టి, డాక్టర్ లెటర్ తీసుకుని దగ్గర ఉంచుకుంటాను. ఎందుకు ఈ వారమే అంటే, పిప్ మొదలయ్యాక అడిగితే సాకులా కనిపిస్తుంది. ముందే అడిగి ఉంటే, "సమస్య చెప్పాను, పరిష్కారమూ చెప్పాను, మీరు చేయలేదు" అనడానికి తేదీతో సహా కాగితం ఉంటుంది. మెయిల్‌కి జవాబు రాకపోయినా, పిప్ మాట మళ్లీ వినబడినా అప్పుడు రెండో దారి పట్టొచ్చు.

"కమ్యూనికేషన్" అన్న ఆ రిమార్కు మిమ్మల్ని బాగా గాయపరిచినట్టుంది. డేమియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక సామాజిక శాస్త్రవేత్త, తనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక వాదన తెచ్చాడు. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్లు ఎంత అర్థం కారో, ఎదుటివాళ్లకు వీళ్లూ అంతే అర్థం కారని, లోపాన్ని ఒక్కవైపే చూడటం తప్పని. 2020లో ఎడిన్‌బరా పరిశోధకులు ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించారు. ఆటిజం ఉన్నవాళ్లే ఉన్న వరసలో కథ ఎంత చక్కగా అందిందో, లేనివాళ్ల వరసలోనూ అంతే చక్కగా అందింది. కలగలిపిన వరసలో మాత్రం ఎక్కువ జారిపోయింది. తర్వాత మరింతమందితో చేసినప్పుడు కలగలిపిన వరస కూడా మిగతావాటితో సమానంగానే వచ్చింది. రెంటిలో ఏది తీసుకున్నా, ఆటిజం ఉన్నవాళ్లకు విషయం చెప్పడం రాదన్నది మాత్రం తేలలేదు. ఇది మేనేజర్‌కి వినిపించమని కాదు, మీ కోసం చెబుతున్నాను. ఆ క్లయింట్ కాల్ విషయంలో మాత్రం మేనేజర్ బాధ నాకు కొంత అర్థమైంది. మీరు చెప్పింది నిజం, చెప్పిన చోటే ఇబ్బంది. "డేట్ మీద నాకు అభ్యంతరం ఉంటే కాల్‌కి ముందు మీకు చాట్‌లో పెడతాను, కాల్‌లో మీరు మాట్లాడండి" అని ఆయనతో ఒప్పందం చేసుకోండి. ఇలా స్పష్టమైన నియమం ఒకటి ఉంటే మీరు తు.చ. తప్పక పాటిస్తారని నాకు అనుమానం లేదు.

వైకల్య సర్టిఫికెట్ తీసుకోవాలా అని కూడా చివర్లో అడిగారు. తొందరేం లేదు. ప్రభుత్వాసుపత్రి మెడికల్ బోర్డు శాతం నిర్ణయిస్తుంది. 40 శాతం ఉంటే ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్, ఆదాయపు పన్ను పాత పద్ధతిలో 75,000 రూపాయల మినహాయింపు లాంటివి వర్తిస్తాయి. ప్రభుత్వోద్యోగం వైపు చూస్తుంటే పనికొస్తుంది. ఇప్పటి ఉద్యోగంలో డాక్టర్ లెటర్‌తో మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు పెళ్లి. ఇక్కడ కావలసినవి మాత్రమే అడిగి పేరు దాచడం కుదరదని నా నమ్మకం. మేనేజర్ మీ ఎనిమిది గంటలే చూస్తాడు, అదీ కొన్నేళ్లు. ఇతను మీరు లైటు తీసేసి పడుకునే సాయంత్రాలు చూస్తాడు. కారణం తెలియకపోతే తన మీద ఇష్టం లేదనుకుంటాడు. అత్తగారు "కోడలు కలుపుగోలు మనిషి కాదు" అంటే ఎదురు చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండదు.

ఐనా నిర్ణయం మీది, కాబట్టి ప్రతి దారిలోనూ ఏం జరగొచ్చో చూడండి. అస్సలు చెప్పకపోతే, ఇప్పటికి పెళ్లి సాఫీగా అయిపోతుంది. కానీ మందుల చీటీయో, పాత రిపోర్టో, మీ చెల్లెలి నోటి నుంచి జారిన మాటో, ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అప్పుడు చర్చ ఆటిజం గురించి ఉండదు, దాచడం గురించి ఉంటుంది. ముఖ్యమైన సంగతి దాచి, మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని కోరే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. మీ విషయం దాని కిందికి వస్తుందా రాదా అన్నది కోర్టు తేల్చాల్సిన మాట. కానీ అలాంటి నోటీసు అందుకోవడమే ఒక నరకం. పెళ్లయ్యాక నెమ్మదిగా చెబుదామనుకుంటే దాదాపు ఇదే ఇబ్బంది, కాకపోతే మీ నోటితో మీరే చెప్పారన్న తృప్తి ఉంటుంది. రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి చెప్పడం చాలా నిజాయితీ గల పనిలా కనిపిస్తుంది గానీ, ఆ గదిలో మీరిద్దరూ తప్ప అందరూ మాట్లాడతారు. ఎవరో ఒక పెద్దాయన తమ వీధిలోని మాటలు రాని పిల్లాణ్ని గుర్తు చేసుకుంటాడు, అంతే.

మిగిలింది, నిశ్చితార్థానికి ముందు అతనొక్కడికే, మీరే స్వయంగా చెప్పడం. నా మొగ్గు దీనివైపే. ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు. అతను కాదనొచ్చు, వాళ్లింట్లో చెప్పొచ్చు, అక్కడి నుంచి మాట పాకొచ్చు. మీ చెల్లెలి గురించి అమ్మగారి భయం ఉత్తినే పుట్టలేదు, మన ఊళ్లలో అలా జరుగుతుంది. అందుకని చెప్పే ముందు చెల్లెలితో మాట్లాడండి. ఆమె పేరు చెప్పి మీ నోరు నొక్కుతున్నారు గానీ ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు.

ఎలా చెప్పాలి? ఆటిజం అన్న మాటతో మొదలుపెట్టకండి, ఆ మాట వినగానే చాలామందికి వేరే బొమ్మ కళ్లముందు కదులుతుంది. మీ రోజు ఎలా ఉంటుందో చెప్పండి. "ఆ రోజు టిఫిన్ సెంటర్లో బయటికి వెళ్దామన్నారు కదా, నాకు ప్రాణం లేచొచ్చింది. గోలలో నాకు తల పనిచేయదు. ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేను, కోపం వల్ల కాదు. మనసులో ఒకటి పెట్టుకుని ఇంకోటి అంటే నాకు తెలియదు, నేరుగా చెప్పాలి. దీన్ని డాక్టర్లు ఆటిజం అన్నారు" అని ఈ వరసలో. ప్రశాంతమైన చోటు, అతను తొందరలో లేని రోజు చూసుకోండి. మాట తడబడుతుందనుకుంటే రాసి ఇవ్వండి. మీరు రాయగలరు, ఈ ఉత్తరమే సాక్ష్యం.

అతను అడగబోయేవి మూడో నాలుగో ఉంటాయి. జబ్బా? కాదు, మెదడు పుట్టుకతోనే ఇలా ఉండటం. మందులతో పోతుందా? పోదు, పోగొట్టే మందు లేదు. నిద్రకో టెన్షన్‌కో వాడే మందులు వేరు. పిల్లలకు వస్తుందా? దీనికి "రాదు" అని అభయం ఇచ్చేయకండి. ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర బలంగానే ఉంది, ఐతే ఏ ఒక్క జన్యువో కారణం కాదు, పుట్టబోయే బిడ్డకు వస్తుందో రాదో ముందే చెప్పే పరీక్ష లేదు. అతనికి ఇంకా సందేహాలుంటే మీ సైకాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.

మీరూ అతన్ని అడగాల్సినవి ఉన్నాయి, ఉత్తరంలో ఆ ఊసే లేదు. పెళ్లయ్యాక ఎక్కడుంటారు, వాళ్ల అమ్మానాన్నలతోనా? ప్రతి ఆదివారం చుట్టాలొస్తారా? ఇంట్లో టీవీ పొద్దస్తమానం మోగుతుందా? మీకంటూ తలుపేసుకునే గది ఒకటి ఉంటుందా? మంచివాడైనా ఇల్లు సరిపడకపోవచ్చు. పెళ్లిచూపుల్లో పరీక్ష రాసేది అమ్మాయి ఒక్కతే అనే అలవాటు మనకు ఇంకా పోలేదు.

అన్నీ కుదిరితే, మాఘంలో జరగబోయేది మన పెళ్లి. శబ్దాలు పడనివాళ్లను పరీక్షించడానికే పెట్టినట్టుంటుంది అది. జీలకర్ర-బెల్లం వేళకు చెవి పక్కనే గట్టిమేళం, కళ్లల్లోకి వీడియో లైట్లు, నెత్తి మీద పూలజడ బరువు, మల్లెల ఘాటు, మెడకు గుచ్చుకునే జరీ, ఎదురుగా అక్షింతలు పట్టుకుని వందలమంది. ఇందులో మార్చలేనివి మీరనుకునేదానికన్నా తక్కువే. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే జడ, చెంపసరాల చాటున ఎవరికీ కనబడవు. మంత్రాలు వినబడతాయి, మేళం అదురు మాత్రం తగ్గుతుంది. జరీ తక్కువున్న మెత్తని పట్టు ఎంచుకోండి, జాకెట్ లోపల కాటన్ లైనింగ్ వేయించుకోండి. సంగీత్‌కి డీజే వద్దని ముందే చెప్పండి, ఖర్చు తగ్గుతుందంటే పెద్దవాళ్లు ఎదురు చెప్పరు. కల్యాణమండపంలో ఒక గది తాళం చెల్లెలి దగ్గర ఉండాలి, రెండు తంతుల మధ్య పది నిమిషాలు "చీర సర్దాలి" అని మిమ్మల్ని అక్కడికి తీసుకుపోవాలి. రిసెప్షన్ మూడు గంటలు నిలబడి నవ్వే కార్యక్రమం కాబట్టి, వీలైతే మానేయండి, లేదా వేరే రోజుకు పెట్టించండి. వీటికీ ఎవరికీ ఏ పేరూ చెప్పక్కర్లేదు. ఏ పెళ్లికూతురైనా ఇవి అడగొచ్చు.

అమ్మగారి విషయం. ఆమెను ఒప్పించే భారం మీ మీద వేసుకోకండి. మీ డాక్టర్‌ని అడిగి ఒక సిట్టింగ్‌కి తీసుకెళ్లండి, కూతురి మాటకన్నా తెల్లకోటు మాటకు విలువెక్కువ ఇచ్చే తరం. అతనికి చెప్పబోతున్నానని ముందు అమ్మగారికి చెప్పాలా అంటే, చెప్పి గొడవపడటం, చెప్పకుండా వెళ్లి తర్వాత ఎదుర్కోవడం, రెండూ కష్టమే. మీ ఇంట్లో ఏది తక్కువ రోజులు నడుస్తుందో మీరే అంచనా వేయండి. ఈ మధ్యలో రాత్రిళ్లు మరీ ఉక్కిరిబిక్కిరిగా అనిపిస్తే 14416కి, అంటే టెలీ మానస్‌కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అతను ఆలోచించుకోవడానికి టైమ్ అడిగితే ఇవ్వండి. నిశ్చితార్థం నెల వాయిదా పడినా కొంప మునగదు. మధ్యవర్తికి మాత్రం "ఇద్దరూ ఇంకాస్త మాట్లాడుకుంటామన్నారు" అన్న ఒక్క ముక్క చెప్పించండి. ఆయనకు తెలియాల్సింది అంతవరకే.